శనివారం మూడింటికి మన పేట మైదానానికి
బ్రిటన్‌లోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులందరికీ,

ఉగాదికి హాలు దొరకబుచ్చుకోవడం మొదలు బతుకమ్మకు పూలు సంపాదించడం దాకా, ఉద్యోగాలు చేసుకుంటూనే మీరు ఎంత శ్రమ పడతారో చూస్తూ ఉన్నాను. మీ కార్యక్రమాల్లో కుర్చీలు వేసిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఆ చనువుతో ఒక్క కోరిక కోరుతున్నాను. వచ్చే సీజన్‌లో మీ సంఘం దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్‌ను తనదిగా చేసుకోవాలి. ఒక శనివారం మధ్యాహ్నం నాలుగు కుటుంబాలను వెంటబెట్టుకుని ఆ మైదానానికి వెళ్లాలి. నచ్చితే మళ్లీ వెళ్లాలి. పండగకు హాలు కావలసి వచ్చినప్పుడు ముందుగా ఆ క్లబ్ తలుపే తట్టాలి.

మన ఇళ్లలో ఫుట్‌బాల్ అంటే ప్రీమియర్ లీగే. పిల్లలు ఆర్సెనల్ చొక్కానో లివర్‌పూల్ చొక్కానో వేసుకుంటారు, నాన్నలు సోమవారం ఆఫీసులో స్కోర్లు మాట్లాడతారు. స్టేడియంలో అడుగుపెట్టిన వాళ్లు మాత్రం తక్కువ. టికెట్ దొరకడమే కష్టం, దొరికినా నలుగురున్న కుటుంబానికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. ప్రీమియర్ లీగ్, దాని కింది మూడు డివిజన్లు కలిపి 92 క్లబ్బులు. ఆ 92 తర్వాత ఆట ఆగిపోదు, అసలు విస్తారం అక్కడే మొదలవుతుంది. ముందు నేషనల్ లీగ్, దాని కింద ఇస్త్‌మియన్, సదరన్, నార్దర్న్ ప్రీమియర్ లీగ్‌లు, ఇంకా కింద ఒక్కో జిల్లాకు, ఒక్కో ప్రాంతానికి చెందిన లీగ్‌లు. వందల క్లబ్బులు మెట్టు మెట్టుగా ఒకే నిచ్చెన మీద ఉంటాయి. గెలిచినవాళ్లు ఒక మెట్టు ఎక్కుతారు, అట్టడుగున మిగిలినవాళ్లు దిగుతారు. కింది మెట్ల ఆటగాళ్లలో చాలామంది వారమంతా వేరే పని చేసుకునేవాళ్లే. బడిలో పాఠాలు చెప్పేవాళ్లు, కరెంటు పని చేసేవాళ్లు, సామాను డెలివరీ చేసేవాళ్లు. వారంలో ఒకటి రెండు సాయంత్రాలు సాధన చేసి శనివారం మూడింటికి మైదానంలో దిగుతారు.

ఆ మైదానం ఎలా ఉంటుందో చెబితేనే నా కోరిక మీకు అర్థమవుతుంది. గేటు దగ్గర చిల్లర డబ్బాతో ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. పెద్దవాళ్లకు పది పౌండ్లు, అటూ ఇటూగా. ఇంకా కింది మెట్ల క్లబ్బుల్లో అంతకన్నా తక్కువ, చిన్నపిల్లలకు చాలా చోట్ల ఉచితం. కాసేపటికి ఆ పెద్దాయనే మైకులో జట్ల పేర్లు చదువుతూ వినిపిస్తాడు. పిచ్ చుట్టూ నడుం ఎత్తున ఇనప రెయిలింగు. దానికి కట్టిన బోర్డుల మీద ఆ వీధి ప్లంబరు పేరు, స్కూలు యూనిఫారాల దుకాణం పేరు, అంత్యక్రియలు జరిపించే సంస్థ పేరు. టీ గది కిటికీలోంచి వేడి వేడి టీ, చిప్స్, పై. మీరు రెయిలింగు మీద చేతులు ఆనించి నిలబడితే త్రో వేయడానికి వచ్చిన ఆటగాడు మీకు బారెడు దూరంలో ఉంటాడు. జనవరి చలిలో అతని చొక్కాలోంచి ఆవిరి లేవడం కనిపిస్తుంది. గోల్‌కీపర్ తన డిఫెండర్ల మీద వేసే ప్రతి కేకా వినిపిస్తుంది. బంతి రెయిలింగు దాటి వస్తే తీసి ఇవ్వాల్సింది మీరే. మా అబ్బాయి మొదటిసారి అలా బంతి అందించినప్పుడు ఆ ఆటగాడు ఆగి, వాడి భుజం తట్టి మరీ వెళ్లాడు. టీవీలో ఏ గోల్ చూసినా వాడి ముఖంలో ఆ వెలుగు నేను చూడలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది విరామం. ఈ మైదానాల్లో చాలా చోట్ల ఏ జట్టు అభిమానులు ఎక్కడ నిలబడాలన్న కట్టుబాటు ఉండదు. తమ జట్టు ఏ గోల్ మీద దాడి చేస్తుందో ఆ గోల్ వెనక్కి చేరతారు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మార్చుకుంటాయి కదా, అభిమానులూ మారతారు. చేతుల్లో టీ కప్పులు, కొందరి చేతుల్లో కుక్క గొలుసులు, రెండు గుంపులూ రెయిలింగు వెంట ఎదురెదురుగా నడుచుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకుంటాయి. ‘మీ కీపర్ బాగా ఆడుతున్నాడు’ అని ఒకరు, ‘మీ నంబర్ ఏడుని ఆపేవాళ్లే లేరు’ అని ఇంకొకరు. అరగంట కిందట ఒకరి మీద ఒకరు అరుచుకున్నవాళ్లే ఇలా పలకరించుకుంటారు.

ఇది మన విషయంలో ఎందుకు ముఖ్యమో చెబుతాను. ఈ దేశంలో ఏళ్ల తరబడి ఉంటున్నాం. పక్కింటివాళ్లతో మన మాటలు వాతావరణం దగ్గరే ఆగిపోతాయి. వాళ్లు మనల్ని దూరం పెట్టారనో, మనం వాళ్లను దూరం పెట్టామనో కాదు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి ఇద్దరికీ ఉమ్మడిగా ఒక విషయం ఉండాలి, అది దొరకడం లేదు. రెయిలింగు దగ్గర ఎదురెదురుగా కూర్చోనక్కర్లేదు. పక్కపక్కన నిలబడి ఇద్దరూ ఒకే బంతిని చూస్తుంటారు. మాట దానంతట అదే వస్తుంది, రాకపోయినా ఇబ్బంది లేదు. నెల తర్వాత మళ్లీ వెళితే తల ఊపి పలకరిస్తారు. ఆ తర్వాత ఒక వారం వెళ్లకపోతే ఏమైందని అడుగుతారు. ఆహ్వానం అక్కర్లేకుండా, పరిచయం అక్కర్లేకుండా, మన రాకను లెక్కపెట్టుకునే చోటు ఇంగ్లండ్‌లో నాకు ఇంకొకటి కనబడలేదు.

మీలో తూర్పు లండన్‌లో ఉన్నవాళ్లకు ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇల్‌ఫర్డ్, ఈస్ట్‌హామ్ వీధుల్లో ఇవాళ తెలుగు మాట వినబడని రోజు ఉండదు. ఆ ఇల్‌ఫర్డ్‌లోనే 1948 జూలై 31న లండన్ ఒలింపిక్స్‌లో భాగంగా భారత్, ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఆడాయి. స్వతంత్ర భారత జట్టుకు అది తొలి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్. కెప్టెన్ నాగాలాండ్ బిడ్డ తాలిమెరెన్ ఆవో. మనవాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడారు. సారంగపాణి రామన్ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. రెండు పెనాల్టీలు చేజారాయి, చివరికి 2-1తో ఓడిపోయారు. వెంబ్లీలోనో ఆర్సెనల్ స్టేడియంలోనో కాదు, ఒక శివారు పేటలో జరిగిందా మ్యాచ్. మనం పిల్లల్ని లెవెన్ ప్లస్ ట్యూషన్‌లో దింపి కారులో కూర్చుని ఎదురుచూసే వీధులకు అంత దగ్గర్లో.

ఆ ఒలింపిక్స్‌కు అమెచ్యూర్ క్లబ్బుల మైదానాలు కూడా వేదికలయ్యాయి. వాల్తమ్‌స్టో అవెన్యూ క్లబ్ వారి గ్రీన్ పాండ్ రోడ్డు మైదానం వాటిలో ఒకటి. ఆ క్లబ్ 1952లోనూ, 1961లోనూ దేశ అమెచ్యూర్ కప్ గెలిచింది. 1980ల చివరికి క్లబ్ ఇంకో క్లబ్‌లో విలీనమైంది, మైదానం అమ్ముడుపోయింది, ఇప్పుడక్కడ ఇళ్లున్నాయి. ఇల్‌ఫర్డ్ క్లబ్ సంగతీ అంతే. 1929లో, 1930లో వరుసగా అమెచ్యూర్ కప్ గెలిచి, 1974లో ఆ కప్ చిట్టచివరి ఫైనల్ కూడా ఆడిన క్లబ్ అది. తర్వాత కొన్నేళ్లకే తన లిన్ రోడ్డు మైదానం పోగొట్టుకుంది. 1979లో లేటన్‌స్టోన్ క్లబ్‌తో కలిసిపోయింది. ఇల్‌ఫర్డ్ పేరుతో తర్వాత కొత్తగా పెట్టుకున్న క్లబ్ ఇప్పుడు క్రికిల్‌ఫీల్డ్ మైదానంలో ఆడుతోంది. ఒలింపిక్స్‌కు మరో వేదిక దక్షిణ లండన్‌లోని ఛాంపియన్ హిల్, డల్విచ్ హామ్లెట్ వారిది. పాత స్టేడియం 1990ల మొదట్లో కూల్చేశారు, ఆ స్థలంలో కొంత సూపర్‌మార్కెట్‌కు పోయింది, మిగిలినదాంట్లో చిన్న మైదానం కట్టుకున్నారు. 2018 మార్చిలో స్థలం యజమానులతో వివాదం వచ్చి ఆ మైదానంలోంచి కూడా క్లబ్‌ను వెళ్లగొట్టారు. అభిమానులు, పేటవాళ్లు, స్థానిక ప్రజాప్రతినిధులు పట్టువదలకుండా పోరాడితే అదే ఏడాది డిసెంబర్‌లో తిరిగి వచ్చింది. వాల్తమ్‌స్టోకూ డల్విచ్‌కూ తేడా ఎక్కడుందో గమనించండి. రెండో చోట గొంతెత్తడానికి జనం ఉన్నారు.

స్లౌలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇంకో ఉదాహరణ. స్లౌ టౌన్ క్లబ్ 2003లో తన మైదానం వదులుకోవలసి వచ్చింది. పదమూడేళ్లు పక్క ఊళ్ల మైదానాల్లో తలదాచుకుని ఆడింది. 2016లో కౌన్సిల్ కట్టిన ఆర్బర్ పార్క్‌తో సొంత ఊరికి చేరింది. ఆ పదమూడేళ్లూ వదలకుండా వెంట నడిచిన కొన్ని వందల మంది లేకపోతే, తిరిగి రావడానికి క్లబ్ మిగిలి ఉండేది కాదని నా నమ్మకం.

2025లో ఈ దేశం ఫుట్‌బాల్ పాలనకు ఒక చట్టం తెచ్చుకుంది. స్వతంత్ర నియంత్రణ సంస్థ వచ్చింది, దాని అనుమతి లేకుండా క్లబ్ తన మైదానాన్ని అమ్ముకోవడానికి వీల్లేదు. మంచి చట్టమే. కానీ ఆ రక్షణ పై ఐదు అంచెల్లోని 116 క్లబ్బుల వరకే. నేను చెబుతున్న మైదానాలు దాదాపు అన్నీ ఆ గీతకు కిందే ఉన్నాయి. లండన్‌లో రెండెకరాల చదును నేల విలువ ఎంతో ఇళ్లు కొన్న మీకు నేను చెప్పాలా? ఆ నేల మీద శనివారం ఎనభై మంది నిలబడితే ఒక లెక్క, నాలుగు వందల మంది నిలబడితే ఇంకో లెక్క. కౌన్సిల్ సమావేశంలో ఆ తేడా వినిపిస్తుంది.

గేటు డబ్బు కూడా చిన్న సంగతి కాదు. టీవీ హక్కుల కోట్లు ఈ మెట్ల దాకా దిగిరావు. రిఫరీ ఫీజు, కరెంటు బిల్లు, బస్సు ఖర్చు, గడ్డి పెంచే ఖర్చు, అన్నీ గేటు, టీ గది, బారు, లాటరీ చీట్ల డబ్బుతోనే గడవాలి. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా బ్రిటన్‌లో టీవీలో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం ఉండదని మీరు గమనించే ఉంటారు. మన వాట్సాప్ గుంపుల్లో దాని మీద విసుక్కోవడం నేను చాలాసార్లు చూశాను. 1960ల నుంచి పాటిస్తున్న ఆ కట్టుబాటు వెనుక ఉన్న ఉద్దేశం, జనం ఇంట్లో కూర్చోకుండా తమ ఊరి మైదానానికి వెళ్లాలనే. దాన్ని ఎత్తేయాలనే మాట అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. ఎత్తేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ రెండున్నర గంటలు ఈ దేశం చిన్న క్లబ్బులకు రాసిచ్చిన మాన్యం.

పెద్ద క్లబ్బుల సౌకర్యం కోసం చిన్న క్లబ్బులది లాక్కోవడం ఇప్పటికే మొదలైంది. ఎఫ్.ఏ. కప్ సంగతే చూడండి. 1972 ఫిబ్రవరిలో సదరన్ లీగ్‌కు చెందిన హెరెఫర్డ్, ఫస్ట్ డివిజన్‌లోని న్యూకాజిల్‌ను ఎఫ్.ఏ. కప్‌లో 2-1తో ఓడించింది. బురదలో దూరం నుంచి హెరెఫర్డ్ ఆటగాడు రోనీ రాడ్‌ఫర్డ్ కొట్టిన గోల్‌ను ఇంగ్లండ్ ఇప్పటికీ చూపించుకుంటుంది. అది రీప్లే మ్యాచ్. మొదటి మ్యాచ్ న్యూకాజిల్‌లో 2-2తో ముగిసింది కాబట్టే రెండోది హెరెఫర్డ్ మైదానానికి వచ్చింది. 2024-25 సీజన్ నుంచి కప్ మొదటి రౌండ్ మొదలుకుని రీప్లేలు తీసేశారు. పెద్ద క్లబ్ మైదానంలో డ్రా చేసుకుని, వాళ్లను మన ఊరికి రప్పించి, ఆ ఒక్క మ్యాచ్ గేటు డబ్బుతో ఏడాది గడుపుకునే దారి అలా మూసుకుపోయింది.

మన హైదరాబాద్ ఇలాంటి ఆట ఎరగనిదేం కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. వాళ్లకు ఆట నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో ఆడుతూ పెరిగిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోని వాడే. పేట మైదానాలు ఆదరణ కోల్పోతే ఒక నగరం ఏం పోగొట్టుకుంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మీలో కొందరికి భయాలున్నాయి, వాటిని కొట్టిపారేయను. డెబ్బైల్లో, ఎనభైల్లో ఇక్కడికి వచ్చిన పెద్దలు శనివారం సాయంత్రాలు ఫుట్‌బాల్ గుంపులు ఎదురైతే వీధి మారేవారు. వాళ్లు అకారణంగా భయపడలేదు. 2019 అక్టోబర్‌లో ఉత్తర లండన్‌లోని హారింగే బరో క్లబ్, యోవిల్‌తో ఎఫ్.ఏ. కప్ మ్యాచ్ ఆడుతుండగా జాతి దూషణలు వినిపించడంతో ఆట మధ్యలోనే మైదానం వదిలి వెళ్లింది. తర్వాత మ్యాచ్ మళ్లీ పెట్టాల్సి వచ్చింది. అలాంటివి లేవని నేను అనను. నేను వెళ్లిన మైదానాల్లో ఎక్కువ చోట్ల నాకు ఎదురైంది మర్యాదే. ఒక చోట ఒకడు నోరు జారితే, నేను తల తిప్పేలోపే పక్కనున్న ముసలాయన వాడిని గద్దించాడు. మనం నలుగురం కలిసి వెళితే ఆ గద్దించేవాళ్లకు బలం. మద్యం సంగతి కూడా అడుగుతారు. ఈ మెట్లలో బీరు గ్లాసు పట్టుకుని ఆట చూడొచ్చు, నిజమే. అయినా పిల్లలు, అమ్మమ్మలు, కుక్కలు తిరిగే ఆ చోట ఎవరూ తూలి పడటం చూడలేదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు సస్సెక్స్‌లోని లూయిస్ క్లబ్ చూపించాలని ఉంది. ఊరి స్టేషన్ పక్కనే, చుట్టూ పచ్చిక గట్ల మధ్య పళ్లెంలా దిగిన మైదానం, పేరు డ్రిపింగ్ పాన్. 2010 నుంచి ఆ క్లబ్ జనానిదే. ఏటా కొంత చందా కట్టిన ఎవరైనా దానికి యజమానే, ప్రతి యజమానికీ ఒకే ఓటు. 2017లో ఆడవాళ్ల జట్టుకూ మగవాళ్ల జట్టుకూ సమానంగా ఖర్చు పెడతామని ప్రకటించింది ఈ క్లబ్బే. షెఫీల్డ్ వాళ్లకు శాండీగేట్ ఉంది, ప్రపంచంలోకెల్లా పాత ఫుట్‌బాల్ మైదానంగా గిన్నిస్ గుర్తించినది. 1860లో పుట్టిన హాలమ్ క్లబ్ ఇప్పటికీ ఆ వాలు నేల మీదే ఆడుతోంది. లివర్‌పూల్ వైపున్న వాళ్లు క్రాస్‌బీ వెళ్లండి. మెరీన్ క్లబ్ మైదానంలో ఒక పక్క స్టాండు కట్టే చోటే లేదు, అటంతా ఇళ్ల పెరళ్లు. 2021 జనవరిలో ఎఫ్.ఏ. కప్ కోసం టోటెనమ్ జట్టు అక్కడికి వచ్చినప్పుడు, కోవిడ్ నిబంధనల వల్ల మైదానంలోకి ప్రేక్షకులను రానివ్వకపోతే, ఆ ఇళ్లవాళ్లు పెరటి గోడల మీంచి చూశారు. ఎనిమిదో అంచె జట్టు 5-0తో ఓడిపోయింది. క్లబ్‌కు సాయంగా లోపలికి వెళ్లే వీలే లేని టికెట్లను ముప్పై వేలకు పైగా జనం కొన్నారు.

ఇంత దూరం వెళ్లమని మిమ్మల్ని అడగడం లేదు. మీ ఇంటికి బస్సులో పదిహేను నిమిషాల దూరంలో ఒకటుంటుంది. ఆ క్లబ్ కార్యదర్శిని మీరు కలిసిన రోజున ఆ మనిషిని వెంటనే గుర్తుపడతారు, ఎందుకంటే ఆయన మీరే. జీతం లేదు, చేసే పనికి అంతు లేదు. పదిమంది చేయాల్సింది ముగ్గురు మోస్తుంటారు, నాలుగో మనిషి వస్తే ప్రాణం లేచొస్తుంది. రెండు సంఘాలూ ఒకరికొకరు పనికొస్తాయి. మనం స్కూలు హాళ్లకు పోసే అద్దెలో కొంత క్లబ్‌హౌస్‌కు ఇవ్వవచ్చు. మన కార్యక్రమాల్లో చీరల దుకాణానికి, రియల్ ఎస్టేట్ ప్రకటనకు చోటిచ్చినట్టే, వాళ్ల రెయిలింగు మీద మన సంఘం పేరుతో ఒక బోర్డు కట్టించవచ్చు. అది చాలా క్లబ్బుల్లో మన బడ్జెట్‌లకు భారమయ్యే ఖర్చు కాదు. మన పిల్లలు వాళ్ల జూనియర్ జట్లలో చేరవచ్చు. మన క్రికెట్ వేసవి ఆట, వీళ్ల సీజన్ ఆగస్టు నుంచి మే దాకా, కాబట్టి పెద్దగా పోటీ కూడా లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే నాన్‌లీగ్ డే చూసుకోండి. 2010లో మొదలైన ఈ ఏర్పాటు ప్రకారం, దేశాల మధ్య మ్యాచ్‌ల కోసం పెద్ద లీగ్‌లు ఆగే ఒక శనివారాన్ని చిన్న క్లబ్బులకు కేటాయిస్తారు. ఆ రోజు చాలా క్లబ్బులు టికెట్ తగ్గిస్తాయి. ముందు వారంలో కార్యదర్శికి ఒక ఉత్తరం రాసి, ఎంతమంది వస్తున్నారో చెప్పండి. చిప్స్ చాలినన్ని వేయించుకుంటారు. పిల్లలకు రెండేసి జతల మేజోళ్లు వేయండి, కాంక్రీటు మెట్ల మీద చలి కిందనుంచి పాకుతుంది. రాత్రి వాన పడి ఉంటే బయల్దేరే ముందు క్లబ్ ప్రకటన చూసుకోండి, పొద్దున రిఫరీ వచ్చి నేల పరీక్షించి మ్యాచ్ వాయిదా వేసే రోజులుంటాయి. అలా వాయిదా పడితే, పిచ్ మీది నీళ్లు తోడటానికి మనుషులు కావాలా అని ఫోన్ చేసి అడగండి. ఇద్దరు వస్తామంటే వద్దనే క్లబ్ నాకు తెలిసి లేదు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
లండన్ నుంచి, మీలో ఒకడు